జోగిపేట సభాపతి శ్రీ సురవరం ప్రతాపరెడ్డిగారు

జోగిపేట మన పాఠకులకు క్రొత్త ఊరు కాదు. పెండ్లి సంబంధములకును, బేరసారములకును మనవారు ఎన్నిమారులో పోయివచ్చిన ఊరే. అయినను 1930వ సంవత్సరము మార్చి 3, 4, 5 తేదీలలో ఆ యూరిలో జరిగిన సంగతి మనలో పెక్కురకు తెలియదు. నలుబది యేండ్లు దాటువరకు నాకును తెలియదు. నిజాం రాజ్యములోని తెలుగువారి మొట్టమొదటి ఆంధ్రమహాసభ కూడినది అక్కడనే. ఆ సభకు అధ్యక్షులు ముప్పది మూడేండ్ల వయసు గల యొక పత్రికా సంపాదకులు. ఆయనయే శ్రీ సురవరం ప్రతాపరెడ్డిగారు.

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహాపురుషుని జీవితము వ్రాయుమని సంఘమువారు నన్ను కోరినప్పుడు మన యువకులు కొందరు దేశనాయకుల పేర్లు పెక్కు చెప్పిరి. వారి జీవితములు పాఠ్యపుస్తకములలో నున్నవి. నేను లెక్కలు వ్రాసి బ్రతుకువాడను. కళాశాల గడప తొక్కినవాడను కాను. పద్యము చదువుట నేర్చినది ఈ గ్రంథాలయపు బల్లమీదనే. అట్టివానికి ప్రతాపరెడ్డిగారి జీవితములో ఒక విశేషము కనబడినది. ఒకరు తెలుగువారి పద్దులో సున్న చుట్టినప్పుడు ఆయన కోపపడి ఊరకుండలేదు. పేరు పేరున లెక్క వ్రాసి చూపిరి. ఆ కథను చెప్పుటకే ఈ వ్యాసము.

ప్రతాపరెడ్డిగారు 1896 మే 28వ తేదీన బోరవెల్లి గ్రామమున నారాయణరెడ్డి, రంగమ్మ దంపతులకు జన్మించిరి. స్వగ్రామము అలంపురము దగ్గరి ఇటిక్యాలపాడు. ఇవి నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోనివి. ఆ సీమ గొప్పతనము రెండు మాటలలో చెప్పవలెను. ఒకటి, గద్వాల సంస్థానము. అక్కడి ప్రభువులు పండితులను పిలిచి సన్మానించుట చేత దానికి విద్వద్గద్వాల యని పేరు వచ్చినది. రెండవది, తుంగభద్ర. నది కీవల నిజాం రాజ్యము, ఆవల ఇంగ్లీషువారి కర్నూలు. ఈవల ఒడ్డున కచేరీ కాగితము ఉర్దూలో నడచినది. ఆవల ఒడ్డున అదే తెలుగువాని బిడ్డ బడిలో తెలుగు చదివినాడు. తండ్రి చిన్ననాడే గతింపగా ప్రతాపరెడ్డిగారు పినతండ్రి పెంపకములో పెరిగి కర్నూలులో చదివిరి. నది దాటిన కుర్రవానికి ఈ భేదము కంటబడక యుండదు. ఒక నీరే త్రాగువారిలో ఒకరికి తమ భాష బడిలో నుండుటయు, మరియొకరికి లేకుండుటయు ఆయన బాల్యమునందే చూచిరని నేను తలంతును.

తరువాతి చదువును గూర్చి త్వరగా చెప్పెదను. హైదరాబాదు నిజాం కళాశాల, పిమ్మట మదరాసు ప్రెసిడెన్సీ కళాశాల, ఆ పిమ్మట న్యాయశాస్త్రము. మదరాసులో ఉన్నప్పుడు వేదము వేంకటరాయశాస్త్రిగారి వంటి ఉద్దండపండితుల సాన్నిధ్యము లభించినది. సంస్కృతము శ్రద్ధగా నేర్చిరి. ఉర్దూయు బాగుగా వచ్చును. వకీలుగా సుఖముగా గడించి మేడ కట్టవలసిన అర్హతలన్నియు నుండినవి. ఆ దారి ఆయన పట్టలేదు.

ఆనాటి స్థితి నేటి పిల్లలకు చెప్పినగాని తెలియదు. నిజాం రాజ్యములో పదునారు జిల్లాలుండినవి. అందు ఎనిమిది తెలుగువి, అయిదు మరాఠీవి, మూడు కన్నడమువి. జనములో సుమారు సగము మంది తెలుగువారు. కాని కచేరీ భాష ఉర్దూ, న్యాయస్థానపు భాష ఉర్దూ. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు ఉర్దూలోనే. ఒక దేశభాషలో ఉన్నతవిద్య నేర్పుట ఆ కాలమున సాహసకార్యమే, దానిని నేను కాదనను. అయితే ఆ భాష అక్కడి జనములో ఎక్కువమంది యింటి భాష కాకపోయెను. స్వంతముగా ఒక బడి పెట్టవలెనన్న సర్కారు అనుమతి కావలెను. సభ జరుపవలెనన్న 53వ గస్తీ అడ్డుపడెను. అనుమతి లేనిదే నలుగురు కూడి ఉపన్యాసము వినుటకు వీలులేని కాలమది. గ్రంథాలయము తెరచినను ఎందుకు తెరచితిరని అడుగు అధికారులుండిరి.

మా తాతగారు పట్వారీ. పహాణీ, జమాబందీ అన్నియు ఉర్దూ లిపిలో ముత్యాలవలె వ్రాసెడివారట. ఇంటికి వచ్చి అరుగుపై కూర్చుండి బసవపురాణము తెలుగులో చదువుకొనెడివారట. పగటి చేతివ్రాత ఒకటి, రాత్రి చేతివ్రాత ఒకటి. ఆయనకు ఉర్దూపై ద్వేషము లేదు, మాకును లేదు. మన జహీరాబాదు అంగడిలో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును వినబడును. కూరగాయల బేరములో ఒక వాక్యమునకే మూడు భాషలు పట్టును. నాలుగు భాషలుండుట మనకు కష్టము కాదు. నాలుగింటిలో మన దానికి మాత్రము పీట లేకపోవుటయే ఆనాటి కష్టము.

1921 నవంబరు 12వ తేదీన హైదరాబాదు వివేకవర్ధని నాటకశాలలో, మహర్షి కర్వేగారి అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగినది. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ భాషలలో ఉపన్యాసములు సాగినవి. ఆలంపల్లి వెంకటరామారావుగారను వకీలు తెలుగులో మాటలాడ మొదలిడగానే సభలో గోల పుట్టినది. నవ్వులు, ఈలలు, కేకలు. ఆయన మాట ముందుకు సాగలేదు. ఆ రాత్రియే టేకుమాల రంగారావుగారి ఇంట కొద్దిమంది తెలుగువారు కూర్చుండి ఆంధ్రజన సంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావు పంతులుగారు దానికి వెన్నెముకయైరి. గ్రంథాలయములు, పాఠశాలలు, శాసనముల సేకరణ, వెట్టిచాకిరిని గూర్చిన చిన్న పుస్తకములు, ఇట్టి పనులతో ఆ సంఘము ఊరూర పాకినది. జోగిపేట సభ పుట్టినది ఈ సంఘమునుండియే.

ఈ దశలోనే ప్రతాపరెడ్డిగారు హైదరాబాదు చేరిరి. నగర కొత్వాలు రాజబహద్దరు వేంకటరామారెడ్డిగారు మొదలగువారు 1918లో నెలకొల్పిన రెడ్డి వసతిగృహపు భారము ఆయనపై పడెను. పల్లెలనుండి చదువునకు వచ్చిన పిల్లలకు కూడు, గూడు చూచుటయే వసతిగృహపు పని. ఈయన దానితో తృప్తి చెందక అక్కడ పెద్ద గ్రంథాలయమును పెంచిరి, పిల్లలకు వ్యాసములు వ్రాయుట, సభలలో మాటలాడుట నేర్పిరి, వ్యాయామము చేయించిరి. ఒక కులము పేరు పెట్టుకొన్న వసతిగృహమేమని నేటివారు అడుగవచ్చును. అడుగదగినదే. ఆ రోజులలో దాతలు తమ తమ కులములవారి పిల్లలకే చేయి చాచెడివారు, చదువు ఆ సందులగుండానే ఊళ్లకు వచ్చెను. ఆ గృహములో మెలగిన ప్రతాపరెడ్డిగారు తమ కలమును కులమునకు మాత్రము కట్టివేయలేదు. దానికి సాక్ష్యము ముందు చెప్పెదను.

1926 మే 10వ తేదీన గోలకొండ పత్రిక వెలువడినది. వారమునకు రెండుసార్లు. అంతకు నాలుగేండ్ల ముందు, 1922లో, నల్లగొండనుండి నీలగిరి పత్రికయు, ఇనుగుర్తి అను పల్లెనుండి తెనుగు పత్రికయు బయలుదేరి కొంతకాలము శ్రమించి ఆగిపోయినవి. తెలంగాణములో తెలుగు పత్రిక నడపుట అన్నది చేనికి కంచెలేక కాపు కాచుట వంటిది. చందాదారులు తక్కువ, ఉన్నవారు సొమ్ము పంపుట ఇంకను తక్కువ. చదువరులలో పెక్కురకు తెలుగు అక్షరములకంటె ఉర్దూ అక్షరములే అలవాటు. పైగా సర్కారు కన్ను.

ఆ పత్రికకు ప్రతాపరెడ్డిగారు సంపాదకులు. సంపాదకులనగా నేమి? వ్యాసము వ్రాయువారు ఆయన, అచ్చుతప్పులు దిద్దువారు ఆయన, లెక్కలు చూచువారు ఆయన. చేయి తక్కువైననాడు పత్రికలు మడచి చిరునామాలు అంటించినవారును ఆయనయే. వ్యాసకర్తలు చాలనప్పుడు మారుపేర్లతో తామే వ్రాసిరి. ఒక వ్యక్తి పదిమందిగా కనబడవలసిన కాలమది. గ్రామాధికారుల దౌర్జన్యములు, వెట్టి, లంచములు, బడుల కొరత, ఇవన్నియు పత్రికకెక్కెను. సర్కారు హెచ్చరికలు వచ్చినవి. అట్టియెడ ఆయన మాటను మెత్తగా చేసి భావమును మెత్తపరచక వ్రాయు నేర్పు అలవరచుకొనిరి. నేరుగా తిట్టినచో పత్రిక మూతపడును, ఊరకున్నచో పత్రిక ఉండియు లేనట్లే. ఈ రెంటి నడుమ ఇరుకుదారిలో ఇరువది యేండ్లకు పైగా బండి తోలిరి. పత్రిక మొదలైనప్పుడు నగరమున శాంతిభద్రతలు చూచు కొత్వాలుగారే ఆయనకు ఆదరువైన పెద్దలలో ఒకరగుట ఈ కథలో ఒక చిత్రము. ఆ వేంకటరామారెడ్డిగారి జీవితమును ప్రతాపరెడ్డిగారు తరువాత ఒక గ్రంథముగా వ్రాసిరి.

ఇక జోగిపేట సభ. మా తాతగారి పాత లెక్కలలోని ఫసలీ చొప్పున చెప్పినచో అది 1339 ఫసలీ. సభకు అనుమతి తెచ్చుటయే ఒక యజ్ఞమైనది. నేడు కారులో గంటన్నరలో పోవు ఊరికి ఆనాడు ప్రతినిధులు బండ్లమీద, కాలినడకను చేరిరి. అదే చోట స్త్రీల మహాసభయు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన జరిగినది. పల్లెటూరిలో, 1930లో, స్త్రీలు తమ సభ తామే జరుపుకొనుట సామాన్యము కాదు. ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతలో సభాకార్యక్రమము తెలుగులో నడిచెను. బాలికల చదువు, మాతృభాషలో ప్రాథమిక విద్య, గ్రంథాలయములు, బాల్యవివాహములు, 53వ గస్తీ రద్దు, ఇట్టి విషయములపై తీర్మానములు చేసిరి. రాజు మారవలెనని కాని, రాజ్యము పోవలెనని కాని అందులో లేదు. మాకు బడి పెట్టనిండు, పుస్తకము చదువనిండు, మా భాషలో మాటలాడనిండు అనుటయే అందలి సారము. ఇంత చిన్న కోరికకు సర్కారు అంతగా వెరచుట చూడగా ఆ కోరిక చిన్నది కాదని తెలియుచున్నది.

తొమ్మిదేండ్ల క్రిందట వివేకవర్ధని శాలలో తెలుగు మాటకు ఈలలు పడినవి. జోగిపేటలో మూడు దినములు తెలుగులోనే సభ జరిగినది. ఈ తొమ్మిదేండ్ల నడుమ జరిగిన పని చాలవరకు మనవంటి చిన్న చిన్న గ్రంథాలయములలో, చమురు దీపముల వెలుతురులో జరిగినది.

ఇప్పుడు నా మనసునకు మిక్కిలి దగ్గరి ఘట్టమునకు వచ్చుచున్నాను. ఆ దినములలో ఒక పండితుడు, నిజాం రాజ్యపు తెలంగాణములో తెలుగు కవులు పూజ్యమని వ్రాసెను. లెక్కలవారికి ఈ మాట బాగుగా తెలియును. పూజ్యమనగా పూజింపదగినది యని యొక అర్థము, సున్న యని యొక అర్థము. ఆ పండితుడు చెప్పినది రెండవ అర్థమున. తెలంగాణములో ఎంతోమంది దానికి నొచ్చుకొనిరి. ఆ నొప్పికి ఎదురు దెబ్బగా ఒక ఘాటైన వ్యాసము వ్రాయుట ప్రతాపరెడ్డిగారికి ఒక పూట పని. ఆయన కలమునకు ఆ వాడి యుండెను. అయినను ఆయన వేరొక పని చేసిరి. కవులు తమ పద్యములను, తమ ఊరు మొదలగు వివరములను పంపవలెనని పత్రికలో ప్రకటించిరి.

జాబులు రాసాగినవి. ఏ మూలనో పురాణము చెప్పుకొను పంతులు, ఏ పల్లెలోనో అధ్యాపకుడు, ఏ సంస్థానములోనో నిలువ నీడ కలిగిన ముసలి పండితుడు, ఇంకను పేరు బయటపడని యువకులు. అచ్చు మొగము చూడని పద్యములు తాటాకు కట్టలనుండియు, చేతివ్రాత పుస్తకములనుండియు బయటికి వచ్చినవి. వానినెల్ల కూర్చి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. అందులో కవులు 354 మంది. ఒక్కొక్కరి పేరు, ఊరు, పద్యము. సున్న యన్నచోట 354 వ్రాసి పద్దు సరిచేసిరి.

ఈ సంచికలోని పద్యములన్నియు గొప్పవి కావు. నా బుద్ధికి తోచినంతవరకు చాలవరకు సామాన్యములే. దేవతాస్తుతులు, ఋతువర్ణనలు, పాత బాటలో నడచినవి. కొందరు ఆ సంగతి చూపి సంచికను తేలికపరచుట వింటిని. వారు లెక్కకు, వెలకు భేదము మరచుచున్నారు. ధాన్యము తూచునప్పుడు తాలుగింజయు తక్కెడలో పడును, తరువాత చెరుగవచ్చును. ముందు గాదెలో ధాన్యము లేదన్నవానికి గాదె తలుపు తెరచి చూపవలెను గదా. ప్రతాపరెడ్డిగారు చేసినది అదియే. ఆ పనిలో వారు కులము చూడలేదు, పట్టణమా పల్లెయా యని చూడలేదు. ఇంతకు ముందు సాక్ష్యము చెప్పెదనన్నది దీనినే.

పిమ్మటి యేండ్ల పనులు అనేకములు. హిందువుల పండుగలు, హైందవ ధర్మవీరులు, రామాయణ విశేషములు, మొగలాయి కథలు అను గ్రంథములు, భక్త తుకారాం మొదలగు నాటకములు వ్రాసిరి. 1941లో విజ్ఞానవర్ధినీ పరిషత్తును స్థాపించి పుస్తకములు ప్రకటించిరి. 1943లో హైదరాబాదులో ఆంధ్ర సారస్వత పరిషత్తు నెలకొన్నప్పుడు దాని వ్యవస్థాపకులలో ఒకరైరి. ఆ పరిషత్తు పరీక్షలు వ్రాసి తెలుగు నేర్చినవారు తెలంగాణములో ఊరూర నుండిరి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసెను. ఆ కాలపు కల్లోలములు వేరొక పెద్ద కథ, దానికి ఇక్కడ చోటు చాలదు.

1949లో ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్ర అచ్చయినది. మన గ్రంథాలయములో ఈ పుస్తకము కలదు. అట్ట రెండుసార్లు మార్పించితిమి. చరిత్ర యనగా రాజుల వంశవృక్షములు, యుద్ధముల తేదీలు అని బడిలో నేర్చితిమి. ఈ పుస్తకమున రాజు వాకిటి బయట నిలిచియుండును. లోపల కూర్చున్నది కాపు, సాలె, కుమ్మరి, కోమటి, బోగముది, జంగము, బైరాగి. తూర్పు చాళుక్యుల కాలము మొదలు 1907 వరకు, తొమ్మిది వందల యేండ్లపాటు తెలుగువాడు ఏమి తినెను, ఏమి కట్టెను, ఏ ఆటలాడెను, సంతలో ఏమి కొనెను, ఎవనికి పన్ను కట్టెను, ఏ దయ్యమునకు వెరచెను, ఇవియే అందులోని విషయములు.

ఇట్టి చరిత్రకు ఆధారములెక్కడివి? రాజశాసనములలో రైతు కూరాకు సంగతి యుండదు. ప్రతాపరెడ్డిగారు కావ్యములను తరచిరి. పాల్కురికి సోమనాథుని గ్రంథములు, ఓరుగంటి వీథులు చూపు క్రీడాభిరామము, చేతిపనులవారి పేర్లు వరుసగా చెప్పు హంసవింశతి, శుకసప్తతి, సింహాసన ద్వాత్రింశిక, శతకములు, సామెతలు, కైఫీయత్తులు, ఒకదానినొకటి సరిచూచుచు చదివిరి. మనము అలంకారమని దాటిపోవు పద్యములో ఆయనకు ఒక గిన్నె, ఒక గుడ్డ, ఒక నాణెము కనబడెను. నేను హంసవింశతిని అంతకుముందే ఒకసారి చదివియుంటిని. కథ చదివి మూసితిని. ప్రతాపరెడ్డిగారిని చదివిన తరువాత మరల తెరచి చూడగా అదొక ఊరి రిజిస్టరు వలె తోచినది. ఎవరెవరు ఏయే పని చేసి బ్రతికిరో అంతయు నందు కలదు.

మన ప్రాంతమువారికి ఇందు మరియొక రుచి. సోమనాథుడు చెప్పిన బసవేశ్వరుని కల్యాణము, నేటి బసవకల్యాణము, మనకు సరిహద్దు కావలనే యున్నది. ఝరాసంగము జాతరకు వచ్చు జంగముల పాటలలో ఆ పేర్లు ఇప్పటికిని వినబడును. పాత పుస్తకములోని జనమునకును, మన జాతరలోని జనమునకును నడుమ తెర పలుచబడినట్లుండును.

ఒక చిన్న తగవు నాకు ఈ గ్రంథముతో కలదు, దాచుట ధర్మము కాదు. కవి చెప్పినది సాక్ష్యమే కాని రసీదు కాదు. కవి తన కథకు కావలసినంత కారము కలుపును. ఒక పద్యమును పట్టుకొని ఆ కాలమువారందరు అట్లే యుండిరనుట అప్పుడప్పుడు తొందరపాటగును. ప్రతాపరెడ్డిగారు కొన్నిచోట్ల అట్టి తొందర పడిరి. కోపము వచ్చినచోట కోపమును దాచుకొనలేదు. మూఢాచారములను గూర్చి వ్రాయునప్పుడు చరిత్రకారుడు ప్రక్కకు తప్పుకొని పత్రికా సంపాదకుడు ముందుకు వచ్చును. అయినను ఆ త్రోవలో ముందు ఎవరును నడువలేదు. ముండ్లు తొలగించి పోయినవానిని కాలిబాట వంకరయని నిందింపరాదు.

పత్రికనడపి, బడిపిల్లలను పెంచి, గ్రంథములు వ్రాసిన ఈ మనిషి కడపట రాజకీయమునందును ప్రవేశించిరి. 1951లో ప్రజావాణి యను పత్రికను మొదలిడిరి. 1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో కాంగ్రెసు పక్షమున వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రియైరి. 1931లో దేవరకొండలో జరిగిన రెండవ ఆంధ్రమహాసభకు అధ్యక్షులు ఈ రామకృష్ణారావుగారే. మొదటి సభాపతి మాత్రము మంత్రివర్గమునకు వెలుపలనే యుండిరి. ప్రతాపరెడ్డిగారి స్వభావము సభలో సర్దుకొనిపోవుటకు అనువైనది కాదని ఆయన వ్రాతలు చదివిన నాకు తోచును. ఇరువది యేండ్లు తన పత్రికలో తానే రాజుగా వ్రాసినవారికి పక్షపు కట్టుబాటు ఇరుకుగానే యుండును. ఇది నా ఊహ మాత్రమే.

1953 ఆగస్టు 25వ తేదీన, ఏబది యేడేండ్ల వయసున, ఆయన గతించిరి. సరిగా ముప్పది యేడు దినములకు, అక్టోబరు 1వ తేదీన, కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. ఆయన చిన్ననాడు నది దాటి చదువుకొన్న ఊరే ఆ కర్నూలు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తొలిసారిగా బహుమానములు ఇచ్చినప్పుడు తెలుగున ఆంధ్రుల సాంఘిక చరిత్రకు ఆ గౌరవము దక్కినది. అందుకొనుటకు ఆయన లేరు. నేడు హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టినారు.

ఇవన్నియు మనకు దూరపు సంగతులని అనుకొనువారుందురు. వారికి ఒక తేదీ జ్ఞాపకము చేసెదను. 1956 నవంబరు 1వ తేదీ వరకు మన జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనిది. భాషను బట్టి రాష్ట్రములను విభజించునప్పుడు నిర్ణా సర్కిలు తప్ప తక్కిన తాలూకాయు, బీదరు తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిలును, నారాయణఖేడ్ తాలూకాయు ఇటు చేరినవి, బీదరు అటు మైసూరు రాష్ట్రమున చేరినది. నడుమ గీత గీయునప్పుడు ఏ ఊరిలో ఏ భాషవారు ఎందరని చూచిరి. అనగా మనము ఇటుండుటయు ఒక లెక్కవలననే. ఆ లెక్క నాటికి తెలుగువారము మేమున్నామని చెప్పుకొను ధైర్యము ఈ మూలలకు వచ్చియుండుటలో జోగిపేట సభకును, గోలకొండ పత్రికకును పాలు కలదు. 2016లో జిల్లాలు మారినప్పుడు జోగిపేటయు, జహీరాబాదును ఒకే సంగారెడ్డి జిల్లాలోనివైనవి.

గోలకొండ కవుల సంచిక పునర్ముద్రణ ప్రతి నొకదానిని మన గ్రంథాలయమునకు తెప్పించిన దినమున నేను దానిని ఇంటికి తీసికొనిపోయి ఊళ్ల పేర్లను వెదకితిని. మన ఊరి పేరు కనబడలేదు. కొంత చిన్నబోయితిని. తరువాత నాకు తోచినది. ప్రకటన చూచి జాబు వ్రాసినవారి పేర్లే యందు చేరును గదా, మన ఊరికి ఆనాడు ఆ పత్రిక వచ్చినదో లేదో.

మా యింటిలో వాడక మిగిలిన లెక్కల పుస్తకమొకటి యుండెను. ఎర్ర బట్ట అట్ట, గీతలు గీసిన కాగితము. జమ వైపున పేరు, ఖర్చు వైపున వారు పాడునది, అట్లు వ్రాయ మొదలిడితిని. భజన పాడువారు, చిరుతలు వాయించువారు, బతుకమ్మకు పాట కట్టువారు, కన్నడములో వచనములు చెప్పువారు, మొహర్రమునాడు పీరుల పాటలు పాడువారు, అందరు. ఇంతవరకు 41 పేర్లు చేరినవి. దంపుడు పాటలు వచ్చిన ముసలమ్మ ఒకరుండిరి, నేను పుస్తకము తీసికొనిపోవుటకు రెండు నెలల ముందే కన్నుమూసినారు. ఆమె పేరు మొదటి పుటలో వ్రాసి, ఎదురు గడి ఖాళీగా వదలినాను. ఆ పుస్తకము గ్రంథాలయపు రెండవ బీరువాలో, క్రింది అరలో, ప్రతాపరెడ్డిగారి గ్రంథముల ప్రక్కన ఉన్నది. పేరు చెప్పదగినవారు ఆదివారము ఉదయము వచ్చి చెప్పవచ్చును, నేనక్కడనే యుందును.